‘నెగెటివ్’ అంటే ఎన్ని పిల్లల్లో?

రొయ్య పిల్ల కొనేముందు పీసీఆర్ (రోగకారకం డీఎన్‌ఏను పట్టే పరీక్ష) చేయించాలన్న సంగతి గోదావరి జిల్లాల్లో, కృష్ణాలో, నెల్లూరులో చెరువున్న ప్రతి రైతుకూ తెలుసు. హేచరీవాళ్లు రిపోర్టును వాట్సాప్‌లో పంపిస్తారు. తెల్లమచ్చ వైరస్ నెగెటివ్, ఈహెచ్‌పీ నెగెటివ్ అని రెండు వరుసలుంటాయి. ఈహెచ్‌పీ అంటే రొయ్య ఎదుగుదలను ఆపే సూక్ష్మ పరాన్నజీవి, మైక్రోస్పోరిడియా అనే తెగది. రైతు అది చూసి బండి మాట్లాడుకుంటాడు. నలభై రోజులు గడిచేసరికి చెరువులో సగం రొయ్య ఎదుగూ బొదుగూ లేకుండా ఆగిపోతుంది. ల్యాబ్‌కు తీసుకెళ్తే ఈహెచ్‌పీ పాజిటివ్. ఇక తగువు మొదలు. హేచరీ మోసం చేసిందని రైతు, మీ నీళ్లలోంచే వచ్చిందని హేచరీ, మా మెషీన్ తప్పు చెప్పదని ల్యాబ్.

చాలాసార్లు ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. అసలు సంగతి ఆ రిపోర్టులో అచ్చు కాని ఒక అంకెలో ఉంది. ఎన్ని పిల్లల్ని పరీక్షించారు?

నీటి జీవుల బయోటెక్నాలజీ పేరుతో కాలేజీల్లో చెబుతున్న చదువు మీద నా అభ్యంతరం ఇక్కడే. జన్యువుల పేర్లు, ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలోని చిన్న డీఎన్‌ఏ వలయం) బొమ్మలు, జన్యుమార్పిడి సాల్మన్ కథ పుష్కలంగా చెబుతారు. ఒక ట్యాంకు గురించి మాట్లాడాలంటే అందులోంచి ఎన్ని పిల్లలు తీయాలి, ఎక్కడెక్కడ తీయాలి, ఏ అవయవం కోయాలి అన్నది మాత్రం ప్రాక్టికల్ రికార్డులో ఒక పేజీ కూడా ఉండదు. చెరువు గట్టు మీద ఈ చదువుతో బతకాలనుకునే కుర్రాడికి మొదట కావలసింది ఆ పేజీయే.

పది లక్షల పిల్లలున్న ట్యాంకు అనుకుందాం. అందులో నూటికి రెండింటికి రోగం ఉంది, అంటే ఇరవై వేల పిల్లలకు. మీరు పది పిల్లలు తీశారు. ఆ పదీ రోగం లేనివే తగిలే అవకాశం ఎంతో తెలియాలంటే 0.98ని పదిసార్లు హెచ్చవేయాలి. 0.817 వస్తుంది. ల్యాబ్ ఎంత గొప్పదైనా, ఇలాంటి ట్యాంకుకు నూటికి 82 సార్లు నెగెటివ్ అనే చెబుతుంది. ముప్పై పిల్లలు తీస్తే 55 సార్లు. నూట యాభై తీస్తే ఐదుకు కాస్త తక్కువ. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ పద్ధతుల్లో కనిపించే 150 ఇలాంటి లెక్కలోంచి వచ్చిందే: 2 శాతం వ్యాప్తిని 95 శాతం నమ్మకంతో పట్టుకోవడానికి కావలసిన సంఖ్య. వ్యాప్తి 5 శాతం ఉంటే 59 చాలు, 10 శాతం ఉంటే 29 చాలు. 1 శాతం దాకా పట్టుకోవాలంటే 299 కావాలి.

విద్యార్థులు సాధారణంగా తడబడే చోటు ఇంకోటుంది. ట్యాంకులో పది లక్షలుంటే ఎక్కువ, లక్ష ఉంటే తక్కువ తీయాలని అనుకుంటారు. పెద్ద జనాభాల్లో మొత్తం సంఖ్యతో దాదాపు నిమిత్తం లేదు. గిన్నె ఎంత పెద్దదైనా పులుసులో ఉప్పు చూడటానికి ఒక చెంచా చాలు, కాకపోతే ముందు బాగా కలిపి ఉండాలి. ట్యాంకును అలా కలపలేం. బలహీనమైన పిల్లలు అడుగున, మూలల్లో, గాలి రాళ్లకు దూరంగా చేరతాయి. చురుకైనవి పైకి, ప్రవాహానికి ఎదురీదుతూ ఉంటాయి. బీకరు పైన ముంచి తీసిన 150 పిల్లలు ట్యాంకులో బలమైన 150. అందుకే నాలుగైదు చోట్ల, పైనా అడుగునా తీసి కలపాలి. నీరసంగా ఉన్నవి కనబడితే వదిలేయకుండా వాటినే ఎక్కువ తీసుకోవాలి. రోగం ఉందా లేదా అన్న ప్రశ్నకు కావాలని చెడ్డవాటిని ఏరడం తప్పు కాదు, తెలివైన పని. ఎంత శాతం ఉంది అన్న ప్రశ్నకైతే అలా ఏరకూడదు. ఏ ప్రశ్నకు ఏ నమూనా అన్న తేడా తెలిసినవాడికే ఉద్యోగం ఇవ్వాలంటాను.

ఇక్కడ ఒక చిక్కు. నూట యాభై పిల్లలకు నూట యాభై పరీక్షలు ఎవరూ చేయించుకోలేరు కాబట్టి అన్నీ కలిపి నూరతారు. ఒక్క రోగపు పిల్లను 29 మంచి పిల్లలతో కలిపితే దాని డీఎన్‌ఏ ముప్పై రెట్లు పలచబడుతుంది. సైకిల్‌కు రెట్టింపవుతున్న డీఎన్‌ఏను అక్కడికక్కడే చూపే రియల్‌టైమ్ పీసీఆర్‌లో అది సుమారు ఐదు సైకిళ్ల ఆలస్యం. 150 కలిపితే ఏడు సైకిళ్ల పైచిలుకు. విడిగా చేస్తే 33వ సైకిల్లో కనబడాల్సిన పలచని ఇన్ఫెక్షన్ 40 దాటిపోయి, ‘కనబడలేదు’ అన్న గడిలో పడుతుంది. మధ్యేమార్గంగా 150ని ఐదు భాగాలు చేసి, ఒక్కో ట్యూబులో 30 చొప్పున నూరి, ఐదు పరీక్షలు చేయించడం నయం. నూరడం కూడా పూర్తిగా జరగాలి. పైపైన నూరి, అందులోంచి చిటికెడు ముద్ద కిట్‌లో వేస్తే 150 తీసిన శ్రమంతా వృథా. మొత్తం ముద్దను బఫర్‌లో కలిపి, గుజ్జు చేసి, ఆ ద్రవంలోంచి తీసుకోవాలి.

పరీక్ష కూడా నూటికి నూరు పట్టుకోదు. రోగమున్న పిల్లల్లో 80 శాతాన్నే పట్టే పద్ధతి అయితే పైన చెప్పిన 150 (లెక్క ప్రకారం సరిగ్గా 149) కాస్తా 186 అవుతుంది. క్యాలిక్యులేటర్‌లో రెండు లాగరిథమ్‌లు, ఒక భాగహారం. డిగ్రీ మూడో ఏడు చదివే ఎవరైనా చేయగలరు, చేయించడమే లేదు.

ఏ అవయవం?

తెల్లమచ్చ వైరస్ రొయ్య పైచర్మం కింది పొరలో, మొప్పల్లో, ఈత కాళ్లలో, రక్తంలో పెరుగుతుంది. లివర్ అని మనవాళ్లు పిలిచే హెపటోపాంక్రియాస్ నాళికల కణాల్లో పెరగదు. ఈహెచ్‌పీది సరిగ్గా తలకిందుల వ్యవహారం. ఆ మైక్రోస్పోరిడియాకు ఆ నాళికల కణాలే ఇల్లు. కాబట్టి పెద్ద రొయ్య ఈత కాలు ఒకటి కత్తిరించి పంపి రెండు రోగాలకూ పరీక్ష అడిగితే, తెల్లమచ్చకు వచ్చిన జవాబుకు విలువ ఉంటుంది, ఈహెచ్‌పీకి వచ్చిన నెగెటివ్‌కు ఉండదు. తల్లి రొయ్యలను చంపకుండా చూడాలంటే తెల్లమచ్చకు ఈత కాలు, ఈహెచ్‌పీకి రెట్ట. రెండు వేర్వేరు ట్యూబులు.

పిల్లలనైతే మొత్తంగా వాడతారు, కానీ కళ్లు తీసేయాలి. రొయ్య కంట్లో ఉండే పదార్థాలు పీసీఆర్ ఎంజైమును అడ్డుకుంటాయి. నూట యాభై పిల్లల కళ్లు తీయడం విసుగు పని, అందుకే ఎగ్గొడతారు. ఎగ్గొడితే వచ్చేది తప్పుడు నెగెటివ్, దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. తప్పుడు పాజిటివ్ వస్తేనే హేచరీ నుంచి ఫోను వస్తుంది. ల్యాబ్ మీద పడే ఒత్తిడి అంతా ఒక వైపే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

నమూనా నిల్వ చేయడానికి 95 శాతం ఆల్కహాల్, కండకు పది రెట్లు. పెద్ద రొయ్య లివర్‌ను ముక్కలు చేసి వేయాలి, లేకపోతే లోపలి భాగం కుళ్లుతుంది. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ తునకలైపోతుంది. అది సూక్ష్మదర్శిని కింద కణజాలం చూడటానికి పనికొస్తుంది తప్ప దీనికి కాదు. ట్యూబు మీద పెన్నుతో రాస్తే కారిన ఆల్కహాల్ ఆ రాతను తుడిచేస్తుంది. పెన్సిలుతో చీటీ రాసి లోపల వేయాలి. చిన్న విషయాలే, కానీ ట్యాంకు నంబరు చెరిగిపోయిన ట్యూబుకు వచ్చిన ఫలితం ఎవరి నెత్తిన పెట్టాలో తెలియదు.

ట్యూబు మూత తెరిచాక

పీసీఆర్‌ను కేరీ మల్లిస్ 1983లో ఊహించాడు, 1993లో నోబెల్ అందుకున్నాడు. దాన్ని నిజంగా నడిపించింది థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా ఎంజైము. అమెరికాలో యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్ కనుగొన్న జీవి అది. పీసీఆర్ ఫలితాన్ని చూసే అగరోజ్ జెల్ సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి వస్తుంది. ఎంజైమూ నీళ్లదే, జెల్లూ నీళ్లదే. ‘నీటి బయోటెక్నాలజీకి ప్రయోజనం ఏముంది’ అని అడిగేవాళ్లకు ఆ ల్యాబ్ బల్ల చూపిస్తే చాలు. సరే, అసలు విషయానికొద్దాం.

మన దగ్గర తెల్లమచ్చకు ఎక్కువగా వాడుతూ వచ్చింది రెండు దశల పీసీఆర్. 1996లో తైవాన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రైమర్లతో (డీఎన్‌ఏలో వెతకాల్సిన చోటుకు అతుక్కునే చిన్న ముక్కలతో) మొదటి దశలో 1447 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క, రెండో దశలో దాని లోపలి 941 బేస్‌ల ముక్క వస్తాయి. మొదటి దశలోనే గీత కనబడితే ఇన్ఫెక్షన్ బలంగా ఉన్నట్టు, రెండో దశలో మాత్రమే కనబడితే పలచగా ఉన్నట్టు. పద్ధతి సున్నితమైనదే, కానీ ఆ సున్నితత్వమే దాని ప్రమాదం. మొదటి దశ అయ్యాక ట్యూబు మూత తెరిచి, ఒక చుక్క రెండో ట్యూబులోకి మార్చాలి. ఆ క్షణాన ట్యూబులో కోట్లకొద్దీ ముక్కలుంటాయి. మూత తెరిస్తే లేచే తుంపరలో ఒక్క అణువు చేతి తొడుగు మీదో, పిపెట్టు కొన మీదో కూర్చుని రేపటి నమూనాలో పడితే అది కూడా పాజిటివే. ఒకసారి ఇలా గది పాడైతే వారం తరబడి ప్రతిదీ పాజిటివ్ చూపిస్తుంది.

అందుకని గదులు వేరుగా ఉండాలి. పీసీఆర్ మిశ్రమం కలిపే గది, డీఎన్‌ఏ తీసే గది, రెండో దశ కలిపే చోటు, జెల్ నడిపే గది. మనిషి ఈ వరుసలోనే వెళ్లాలి, వెనక్కి రాకూడదు. జెల్ గదిలో వేసుకున్న కోటుతో మిశ్రమం గదిలోకి అడుగుపెట్టకూడదు. ఫిల్టరున్న టిప్‌లే వాడాలి. బల్లను పదోవంతు పలచన చేసిన హైపోక్లోరైట్‌తో తుడవాలి. ఆల్కహాల్‌తో తుడిస్తే సూక్ష్మజీవి చస్తుంది కానీ డీఎన్‌ఏ ముక్క అలాగే ఉంటుంది. ఒకే గదిలో, ఒకే పిపెట్టుతో అన్నీ చేసే ల్యాబ్‌లో రెండు దశల పీసీఆర్ చేయించడం కంటే మూత తెరవని రియల్‌టైమ్ నయం.

ప్రతి రన్‌లో నాలుగు తోడు ట్యూబులుండాలి. రోగం ఉందని తెలిసిన నమూనా ఒకటి. డీఎన్‌ఏ వేయని ఖాళీ మిశ్రమం ఒకటి. డీఎన్‌ఏ తీసే దశ నుంచీ ఖాళీగా వచ్చినది ఒకటి. నాలుగోది, అందరూ మర్చిపోయేది, రొయ్య సొంత జన్యువును చూసే పరీక్ష. రొయ్య యాక్టిన్ జన్యువు కూడా కనబడలేదంటే ఆ ట్యూబులో పీసీఆర్ అసలు జరగలేదు, దాన్ని నెగెటివ్ అని రాయడానికి వీల్లేదు. ‘పరీక్ష విఫలం, మళ్లీ చేయాలి’ అని రాయాలి. నేను చూసే రిపోర్టుల్లో ఆ మాట అరుదు. ఇన్ని నమూనాలు వచ్చే వ్యాపారంలో ఒక్కటీ విఫలం కాలేదంటే నమ్మడం కష్టం.

ఈహెచ్‌పీలో ప్రైమరు ఎంపిక ఒక పాఠం. ఈ జీవిని 2009లో థాయ్‌లాండ్‌లో టైగర్ రొయ్యలో వర్ణించారు. మొదట్లో రైబోజోమ్ జన్యువు ఆధారంగా ప్రైమర్లు చేశారు. ఆ జన్యువు దగ్గరి చుట్టాలైన మైక్రోస్పోరిడియాలన్నింటిలో దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, రొయ్యకు సంబంధం లేని జీవికి కూడా పాజిటివ్ వచ్చేది. 2016లో స్పోర్ (ఆ జీవి గట్టి గోడ కట్టుకున్న రూపం) గోడ ప్రొటీన్ జన్యువు మీద కొత్త ప్రైమర్లు వచ్చాయి, 514, 148 బేస్‌ల ముక్కలు ఇస్తాయి. రిపోర్టులో ఏ జన్యువు చూశారో రాయమని అడిగితే చెప్పని ల్యాబ్‌తో పని పెట్టుకోవద్దు. జెల్ ఫోటో అడగండి. అందులో కొలత గీతలు, పాజిటివ్, ఖాళీ, మీ నమూనా పక్కపక్కన ఉండాలి.

తెల్లమచ్చలా ఈహెచ్‌పీ వారంలో చెరువు ఊడ్చేయదు. రొయ్య తింటుంది, బతుకుతుంది, పెరగదు. ఎకరాకు 1.6 లక్షల పిల్ల వేస్తే, అంటే చదరపు మీటరుకు 40, నూటికి 80 బతికితే 1.28 లక్షల రొయ్యలు. యాభై కౌంటుకు, అంటే కిలోకు యాభై రొయ్యలకు పడితే 2,560 కిలోలు. అవే రొయ్యలు వంద కౌంటు దగ్గర ఆగిపోతే 1,280 కిలోలు, పైగా వంద కౌంటు కిలో ధర కూడా తక్కువ. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే, అది మాత్రం ఆగకుండా పోతూనే ఉంటుంది. చెక్ ట్రేలో మేత ఖాళీ అవుతోందని సంతోషించే రైతుకు ఈ రోగం వల విసిరి తూకం వేసినప్పుడే తెలుస్తుంది. అప్పుడు సగటు బరువు ఒక్కటే చూడకూడదు. వలలో పడినవాటిలో వంద రొయ్యలు విడివిడిగా తూచి, పెద్దదానికీ చిన్నదానికీ ఎంత తేడా ఉందో చూడాలి. ఒకే వయసు రొయ్యల్లో తేడా వారం వారం పెరుగుతోందంటే, అన్నింటికన్నా చిన్నవాటి లివర్లే ల్యాబ్‌కు పంపాలి.

పట్టుబడి అయ్యాక స్పోర్లు బురదలో మిగులుతాయి. వాటి గోడ మందం, మామూలు మోతాదు బ్లీచింగ్‌కు లొంగవు. నిపుణులు చెప్పే మోతాదు హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం, అంటే ఎకరాకు సుమారు 2.4 టన్నులు. పూర్తిగా ఎండిన నేల మీద చల్లి, 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతు దున్ని, తర్వాత తడపాలి. మట్టి పీహెచ్ 12 దాటి రెండు మూడు రోజులుండి, తర్వాత దిగిరావాలి. ఇక్కడ జరిగే తప్పులు మూడు. కాల్చిన సున్నం బదులు సున్నపురాయి పొడి చల్లుతారు. అది ఎంత పోసినా పీహెచ్‌ను 12 దగ్గరికి తీసుకెళ్లదు. లేదా గోతాల్లో నెలలు నిలవుండి, గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు పీల్చి చచ్చిన సున్నం చల్లుతారు. లేదా మంచి సున్నమే తెచ్చి పదోవంతు చల్లి, చల్లామన్న తృప్తితో నీళ్లు పెట్టేస్తారు. మట్టి, నీళ్లు సమానంగా కలిపి పీహెచ్ మీటరు ముంచితే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది. హేచరీ ట్యాంకులకైతే 2.5 శాతం కాస్టిక్ సోడా ద్రావణం పెట్టి మూడు గంటలుంచి, కడిగి, వారం ఎండబెట్టాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఆ పని ఎవరితోనూ చేయించకండి.

ఎస్‌పీఎఫ్ అన్న ముద్ర

వెనామీ రొయ్యకు మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది. తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో చెన్నైలోని క్వారంటైన్ కేంద్రానికి చేరి, అక్కడ పరీక్షలయ్యాక హేచరీలకు వెళ్తాయి. అవి ఎస్‌పీఎఫ్, అంటే ఒక జాబితాలోని రోగకారకాలు లేనివి. ఆ జాబితాలో లేని రోగం గురించి ఆ ముద్ర ఏమీ చెప్పదు. 2009లో పేరు పెట్టుకున్న ఈహెచ్‌పీ అంతకుముందు తయారైన ఏ జాబితాలోనూ ఉండే వీల్లేదు కదా. రెండో సంగతి, ఎస్‌పీఎఫ్ అంటే రోగాన్ని తట్టుకునే శక్తి ఉన్నది అని కాదు. తెల్లమచ్చ ఉన్న నీళ్లలో వేస్తే ఎస్‌పీఎఫ్ పిల్ల కూడా చస్తుంది. మూడోది, ఆ హోదా జీవికి పుట్టుకతో అంటుకుని ఉండేది కాదు, అది ఉన్న చోటుకు చెందింది. రోగం మోసుకొచ్చే వీలున్న పచ్చి పాలీకీట్ పురుగులు మేతగా వేసిన మరుక్షణం తల్లి రొయ్య హోదా ప్రశ్నార్థకమే. చెరువులో పెరిగిన రొయ్యలను తల్లులుగా వాడే హేచరీలో ఆ మాటకు అర్థమే లేదు.

ప్రోబయాటిక్ కిలో ఎంత?

లెక్క లేకపోవడం వల్ల డబ్బు ఎక్కువగా కరిగిపోయేది పరీక్షల్లో కాదు, ప్రోబయాటిక్‌లలో, అంటే మేలు చేస్తాయని చెరువులో వదిలే బ్యాక్టీరియాలో. ప్యాకెట్ మీద గ్రాముకు వంద కోట్ల జీవులని రాసి ఉంటుంది. వినడానికి చాలా ఎక్కువ. ఎకరం చెరువు, 1.2 మీటర్ల లోతు నీరు అనుకోండి. 4,047 చదరపు మీటర్లను 1.2తో హెచ్చిస్తే సుమారు 4,856 ఘనపు మీటర్లు, అంటే 48.5 లక్షల లీటర్లు. కిలో ప్యాకెట్‌లో లక్ష కోట్ల జీవులు. మిల్లీలీటరుకు పంచితే వచ్చేది దాదాపు 200. చెరువు నీటిలో ముందే మిల్లీలీటరుకు లక్షల్లో బ్యాక్టీరియా కణాలుంటాయి. ఆ జనంలోకి మీ 200 దిగి రొయ్యకు జబ్బు చేసే విబ్రియో బ్యాక్టీరియాను తరిమేస్తాయని నమ్మాలంటే, అవి ఆ నీళ్లలో వేగంగా పెరుగుతాయని ముందు ఎవరో చూపించాలి.

బెల్లం, తవుడు కలిపి రాత్రంతా పులియబెట్టి వదలడం ఈ లెక్కకు రైతులు తమకు తెలిసిన పద్ధతిలో కనుక్కున్న జవాబు. ఆలోచన మంచిదే. వంద రెట్లు పెంచితే మిల్లీలీటరుకు 20 వేలు అవుతాయి, అప్పుడు మాట్లాడుకోవచ్చు. కానీ డ్రమ్ములో పెరిగినవి ఏవి? ప్యాకెట్‌లోని బాసిల్లస్ బ్యాక్టీరియాకు గాలి కావాలి. ఎయిర్ స్టోన్ లేకుండా మూత బిగించిన డ్రమ్ములో పులిసేది ఎక్కువగా తవుడుతో, నీళ్లతో వచ్చిన ఇతర జీవులే. పుల్లటి వాసన రావడం పులిసిందనడానికి సాక్ష్యం తప్ప, ప్యాకెట్‌లోది పెరిగిందనడానికి కాదు. దీన్ని తేల్చడానికి ల్యాబ్‌లో ఖరీదైన యంత్రం అక్కర్లేదు. బాసిల్లస్ స్పోర్లు కడుతుంది కనుక, వదలబోయే ద్రవంలో కొంత 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడి చేసి, వేడి చేయనిదానితో పాటు పదేసి రెట్లు పలచన చేస్తూ అగర్ ప్లేట్ల మీద పరిచి, మర్నాడు ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా మచ్చలు లెక్కపెట్టాలి. అప్పుడే పెరుగుతున్న కణాలు స్పోర్లు కట్టి ఉండవు కాబట్టి వేడి చేసిన ప్లేటు తక్కువే చూపించవచ్చు. అందుకని ప్యాకెట్‌ను కూడా విడిగా ఇలాగే పరీక్షించి, రెండు ప్లేట్లలోనూ మచ్చల ఆకారం పోల్చాలి.

విబ్రియో ప్లేట్ల సంగతి కూడా ఇంతే. విబ్రియోలను పెంచే టీసీబీఎస్ అగర్ మీద ఆకుపచ్చ మచ్చలు చెడ్డవి, పసుపువి మంచివి అన్న మాట గట్ల మీద స్థిరపడిపోయింది. ఆ రంగు చెప్పేది ఒక్కటే, ఆ బ్యాక్టీరియా చక్కెరను పులియబెడుతుందా లేదా అని. విబ్రియోల్లో పారాహీమోలిటికస్ ఆకుపచ్చగా, ఆల్జినోలిటికస్ పసుపుగా వస్తాయి. పిల్లలు తొలి నెలలోనే చచ్చే ఏహెచ్‌పీఎన్‌డీకి కారణం ఒక ప్లాస్మిడ్ మీదున్న రెండు విషపు జన్యువులు. ఆ ప్లాస్మిడ్ లేని పచ్చ మచ్చతో ఆ జబ్బు రాదు, ఉన్నదైతే రంగు చూసి తెలియదు. పీసీఆర్ కావాలి. నమూనాను డిస్టిల్డ్ వాటర్‌తో పలచన చేస్తే ఉప్పునీటి బ్యాక్టీరియా కొంత పగిలిపోయి లెక్క తగ్గుతుంది, ఉప్పు కలిపిన నీటితో చేయాలి. ఒకరోజు దాటాక చూస్తే పసుపు మచ్చ ఆకుపచ్చగా తిరుగుతుంది కూడా.

చేపల దగ్గర

జన్యుమార్పిడి సాల్మన్ కథ ప్రతి సిలబస్‌లో ఉంటుంది. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది, 2024 చివర్లో ఆ కంపెనీ చేపల పెంపకమే ఆపేసింది. ఈలోగా భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ నార్వే సహకారంతో, మామూలు ఎంపిక పెంపకంతో, తరానికి సుమారు 17 శాతం ఎదుగుదల పెంచి జయంతి రోహును ఇచ్చింది. ఒక్క జన్యువూ కత్తిరించలేదు. ఏ చేప ఏ కుటుంబానిదో గుర్తు పెట్టుకుని, కొలిచి, ఎంచుకున్నారు.

అలాంటి రకాన్ని మన హేచరీలు పాడుచేసుకునే తీరూ లెక్కలోనే ఉంది. ఐదు మగవి, యాభై ఆడవి పెట్టుకున్న హేచరీ, మొత్తం యాభై అయిదు చేపలున్నాయని ధీమాగా ఉంటుంది. నాలుగు ఇంటూ మగవి ఇంటూ ఆడవి, దాన్ని మొత్తంతో భాగిస్తే 18. జన్యుపరంగా అది పద్దెనిమిది చేపల మందే. అంతఃప్రజననం తరానికి 2.75 శాతం పెరుగుతుంది. పది మగవి, పది ఆడవి పెట్టుకున్నవాడికి 2.5 శాతమే. ముప్పై అయిదు చేపలు తక్కువ మేపి ఇంకా మెరుగ్గా ఉన్నాడు. మగవాటి సంఖ్య పెంచడం కంటే చవకైన బయోటెక్నాలజీ ఈ రంగంలో లేదు.

కాబట్టి ఈ చదువులో చేరేవాళ్లు, బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) అయినా ఎమ్మెస్సీ అయినా, మొదటి ఏడాదే నాలుగు పనులు చేతితో చేసి ఉండాలని నా పట్టు: నమూనా సంఖ్య లెక్కకట్టడం, తోడు ట్యూబులతో పీసీఆర్ నడపడం, పలచన చేసి మచ్చలు లెక్కించడం, తల్లి చేపల పట్టిక రాయడం. సీక్వెన్సింగు, జన్యు కత్తెరలు తర్వాత నేర్చుకోవచ్చు. వాటికి వచ్చే డేటా కూడా ఈ నాలుగింటి మీదే నిలబడుతుంది.

రైతుకు ఒక ఉపాయం, ల్యాబ్‌ను తూచడానికి. నమూనా తీసి గుజ్జు చేశాక దాన్ని రెండు ట్యూబుల్లో పోయండి. వేర్వేరు ట్యాంకు నంబర్లు రాయండి. మూడో ట్యూబులో, ముందే ఈహెచ్‌పీ తేలిన చెరువులో బాగా చిన్నగా మిగిలిన రొయ్య లివర్ వేయండి. నాలుగో ట్యూబులో బజారులో కొన్న చేప కండ. నాలుగూ ఒకేసారి ఇవ్వండి. జంట ట్యూబులకు రెండు జవాబులు వస్తే, మొదట నమూనా సరిగ్గా కలిపారా అని చూసుకుని, ఇంకోసారి పంపండి. మూడోది నెగెటివ్ వస్తే ల్యాబ్ పద్ధతిలో లోపం ఉంది. నాలుగోది పాజిటివ్ వస్తే గది కలుషితమైంది. నాలుగోదానికి ‘నమూనాలో రొయ్య డీఎన్‌ఏ లేదు, పరీక్ష చెల్లదు’ అని రాసి పంపిన ల్యాబ్ దొరికితే, రేటు కాస్త ఎక్కువైనా అక్కడే చేయించుకోండి.